ఫిర్యాదు లేదు

మార్చి 3

పెద్దమ్మా,

సమయం: మధ్యాహ్నం మూడుంపావు. స్థలం: స్టేషన్ వెనక, జీపు కడిగే పంపు పక్క బెంచీ. హాజరైనవారు: నేను, చల్లారిపోయిన టీ, బూట్లలోంచి బయటపడి గాలి పీల్చుకుంటున్న నా రెండు కాళ్ళు.

నవ్వు, నవ్వు. పదకొండేళ్ళుగా స్టేషన్ డైరీ రాసీ రాసీ ఉత్తరం కూడా ఇలాగే వస్తోంది. మొన్న మీ అల్లుడికి చీటీ పెట్టాను, "పాలు విరిగినవి, సమయం తెలియదు, అనుమానితులు లేరు" అని. బేకరీకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాడట. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయన బట్టీ వెలిగించడానికి బయల్దేరుతుంటాడు. గుమ్మంలో ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే మా కాపురం.

నీతో ఫోన్లో మాట్లాడదామంటే నీకు వినపడదు. వీడియోలో నా పెదాలు చదవబోతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, "గట్టున పడ్డ చేపలా ఉన్నావే" అంటావు. అందుకే ఈ కాగితం.

నిన్న ఎవరో పెద్దాయన కారులో వెళ్తాడని రోడ్డు పక్కన తొమ్మిది గంటలు నిలబెట్టారు. కారు వెళ్ళింది పన్నెండు సెకన్లు. ఆడవాళ్ళం ఆ తొమ్మిది గంటలూ నీళ్ళు తాగం, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి నేరుగా ఇంకో చోటికి పరిగెత్తించారు. మా పరిధిలో ఆకుపచ్చ తలుపు ఇల్లొకటుంది. పై వాటా ముసలాయన ఫోన్ చేస్తాడు, కింద ఏదో పగులుతోంది, పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది అని. మేం వెళ్తాం. నున్నగా తల దువ్వుకున్న మొగుడు తలుపు తీసి "రండి మేడమ్, టీ తాగుతారా" అంటాడు. వెనకాల పిల్లనెత్తుకుని ఆవిడ. "ఏమైనా జరిగిందా అమ్మా?" అంటాను. "ఏమీ లేదండీ" అంటుంది. "ఫిర్యాదు లేదు" అని రాసుకుని వచ్చేస్తాం. నిన్నటితో రెండోసారి.

అసలు సంగతి. రెండు యూనిఫాం చొక్కాలకి గుడ్డ పార్సిల్ చేశాను. పాత కొలతలు పనికిరావు. భుజం అదే, చేయి అదే, మెడ అదే. ఛాతీ నాలుగంగుళాలు ఎక్కువ పెట్టు, నడుము నాలుగున్నర. తొందరగా కావాలి. ఎందుకని మాత్రం అడక్కు.

కాళ్ళు మళ్ళీ బూట్లలోకి రమ్మంటే రానంటున్నాయి. ఉంటాను.

నీ పిడుగు

మార్చి 9

పిడుగూ,

ఇక్కడ నేనూ, కుట్టుమిషనూ, కిటికీలో పిచ్చుకా ముగ్గురం బాగున్నాం. మీ ఇద్దరూ ఎలా ఉన్నారని రాయబోయి ఆగాను. ఎలా ఉన్నారో నీ కొలతలే చెప్పాయి.

అడక్కన్నావు కాబట్టి అడగను. నలభై ఏళ్ళుగా ఒళ్ళు కొలిచిన చెయ్యి ఇది. మనిషి అబద్ధమాడినా టేపు ఆడదు. ఇంకేం రాయను, నీ నోటితో నువ్వే చెబుదువుగాని. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ అనేది, నానుతుందని ఇప్పుడు రుజువు చేస్తాను.

చొక్కాలు రెండూ పంపుతున్నాను. పక్క కుట్లలో రెండేసి అంగుళాలు గుడ్డ లోపలికి మడిచి ఉంచాను. ముందు ముందు ఇంకా వదులు కావాల్సి వస్తే కుట్టు విప్పితే చాలు. గుండీలు ఎప్పట్లాగే నాలుగు పోగులతో వేశాను. చొక్కా చిరగాలేగాని అవి ఊడవు.

ఇక నా మాట విను. జీపు ఎగిరెక్కకు, మెల్లిగా ఎక్కు. తొమ్మిది గంటలు నిలబెడితే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి ఏ మెట్టు మీదో కూర్చో, నీ ఉద్యోగమేం ఊడిపోదు. నీళ్ళు తాగు. మధ్యాహ్నం టీతో సరిపెట్టుకుంటున్నావని నాకు తెలుసు, గుడ్లు తిను, పాలు తాగు. స్టేషన్లో కూర్చుని రాసుకునే పని ఏదైనా ఉంటే నీకిమ్మని అడుగు. పదకొండేళ్ళు రోడ్డు మీద నిలబడ్డావు, చాల్లే.

అల్లుణ్ణి చూడాలనుంది. ఆ చీటీ నాకూ పంపమను.

ఆ ఆకుపచ్చ తలుపు ఇంటికి నువ్వు వెళ్ళకు. ఇంకెవరినైనా పంపమను. ఆ పిల్ల సంగతి ఆ పిల్ల చూసుకుంటుంది.

పెద్దమ్మ

మార్చి 16

పెద్దమ్మా,

చొక్కాలు సరిగ్గా సరిపోయాయి. నీకు తెలిసిపోయిందని నీ ఉత్తరం చదవగానే అర్థమైంది. పేపర్లో చూశావా, లేకపోతే మీ అల్లుడే కక్కేశాడా? ఆయన్ని అడిగితే ఒట్టేసి నేను కాదంటున్నాడు. నువ్వు బెంబేలు పడతావనే చెప్పలేదు. తిట్టకు.

మొదటి వారం ఊపిరాడలేదు. ఎండలో నిలబడితే లోపలంతా చెమట, వంగి బూటు తాడు కట్టుకోవడమే గగనం. నెల తిరిగేసరికి అలవాటైపోతుందని నిదానం గారంటున్నారు. ఆయనెవరో చెప్పలేదు కదూ. మా హెడ్ కానిస్టేబులు. జీపు ఆయనే నడుపుతారు. దొంగ కళ్ళ ముందు పారిపోతున్నా "నిదానం, నిదానం" అంటారు, అదే పేరైపోయింది. జీపుని వెనక్కి తిప్పాలంటే ఆయనకి అరపూట కావాలి.

నువ్వు వద్దన్న ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఎవరికి ఏ పిలుపు వస్తే వాళ్ళే వెళ్ళాలి పెద్దమ్మా, ఇది నచ్చింది ఇవ్వండి, అది వద్దు అనడానికి బట్టల కొట్టు కాదు. ఈసారి ఆవిడ పెదవి చిట్లింది. "ఏమైందమ్మా?" అంటే "స్నానాల గదిలో జారానండీ" అంది. ఆయనగారు పక్కనే నిలబడి "చెప్తే వినదు మేడమ్, తడి నేల మీద పరిగెడుతుంది" అని నవ్వాడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం. నేను మళ్ళీ అడిగాను. ఆవిడ నేల చూస్తూ "ఏమీ లేదండీ." మూడోసారి రాసుకున్నాను, ఫిర్యాదు లేదు.

జీపెక్కాక నాకు ఒళ్ళు మండిపోయింది. నోరుంది కదా, చెప్పొచ్చు కదా! మేం ఇద్దరం యూనిఫాంలో ఎదురుగా ఉన్నాం, ఇంకెప్పుడు చెబుతుంది? నిజం చెప్పనా, ఇలాంటివాళ్ళని చూస్తే జాలికంటే కోపమే ఎక్కువొస్తోంది. దెబ్బలు తింటూ నోరు కుట్టేసుకుని కూర్చునేవాళ్ళకి ఎవరు మాత్రం ఏం చేస్తారు? తన్నులు తినడానికే పుట్టారనిపిస్తుంది.

అదే రోజు ఒక తల్లికి కొడుకు యాక్సిడెంట్‌లో పోయాడని చెప్పి రావలసి వచ్చింది. బజారు సంచీ చేత్తో పట్టుకునే వింది. సంచీ కింద పెట్టలేదు. నేనే తీసుకుని లోపల పెట్టాను. ఇంటికొచ్చి మీ అల్లుడు ఉంచిన రొట్టె మీద మళ్ళీ మూత పెట్టేశాను.

సరే, ఇవన్నీ నీకెందుకు. గుండీలు గట్టిగా ఉన్నాయి.

పిడుగు

మార్చి 22

పిడుగూ,

పేపర్లో చూశావా అని అడిగావు. ఇలాంటివి పేపర్లో కూడా వేస్తారటే పిచ్చిపిల్లా? భుజం పెరగకుండా, మెడ పెరగకుండా, ఛాతీ, నడుము మాత్రం పెరిగితే ఏమనుకోవాలో కుట్టుపని నేర్చుకున్న వారానికే తెలుస్తుంది. నెలకి అలవాటైపోతుందని మీ నిదానం గారన్నారా? ఆయనేమైనా మోశాడా? మోసినదాన్ని అడిగితే చెబుతుంది. వెళ్ళి డాక్టరమ్మకి చూపించుకో.

ఈ పార్సిల్లో ఆరు బుల్లి చొక్కాలున్నాయి. మెత్తటి పాత గుడ్డతో కుట్టాను, ఇరవైసార్లు ఉతికిందైతేనే పసి ఒంటికి గుచ్చుకోదు. కుట్లు బయటి వైపు పెట్టాను, తిరగేసి కుట్టేశాననుకునేవు. గుండీల్లేవు, పక్కన నాడాలు. పసుపు రంగువి మూడు, తెల్లవి మూడు. ఆడపిల్లైనా మగపిల్లాడైనా సరిపోతాయి. ఆరేళ్ళుగా ఈ గుడ్డ పెట్టెలో దాచాను, నీకెప్పుడూ చెప్పలేదు.

ఇంకో మాట. దెబ్బలు తినేవాళ్ళు తన్నులు తినడానికే పుట్టారని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నా దగ్గర అసలే అనకు.

పెద్దమ్మ

మార్చి 29

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

పార్సిల్ స్టేషన్‌కే వచ్చింది. జీతాల కాగితాల మీద సంతకాలు పెడుతూ, అందరి ముందే విప్పాను. ఆ పసుపు చొక్కా నా అరచేతిలో ఇమిడిపోయింది. రికార్డు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నిదానం గారు బయట నిలబడి, తలుపు తట్టకుండా, ఎవర్నీ రానివ్వకుండా చూశారు.

పెద్దమ్మా, నేను కడుపుతో లేను.

నేను నీకు కొలతలు తీసి పంపింది వెస్ట్ మీద. కత్తి దిగకుండా చొక్కా లోపల వేసుకునే కవచం అది. లోపల పలకలుంటాయి, రెండు కేజీల పైనే బరువు. అది వేసుకుంటే పాత చొక్కాల గుండీలు పట్టలేదు. ఫిబ్రవరిలో పక్క స్టేషన్ వాళ్ళు మొగుడూ పెళ్ళాల గొడవ ఆపడానికి వెళితే, మా తోటిపిల్లని వంటింటి కత్తితో పొడిచారు. బతికింది. కానీ చెయ్యి ఇంకా లేవడం లేదు. మర్నాడే ఇళ్ళకి వెళ్ళేవాళ్ళందరికీ ఇవి ఇచ్చారు. పేపర్లో వేసింది ఆ వార్త. నువ్వది చదివావనుకున్నాను. భయపడి కూర్చుని రాసే పని చూసుకోమంటున్నావనుకున్నాను. నేను నీకు భయం తప్పిద్దామని దాచాను, చివరికి నీకు ఆశ పెట్టాను. ఎంత పాపం చేశానో చూడు.

ఆ చొక్కాలు ఇంటికి పట్టుకెళ్ళలేదు. ఆయనకి చూపించలేను. స్టేషన్లో నా బీరువాలో ఉన్నాయి.

నీకెందుకు కోపం వచ్చిందో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు. నా మాట మొరటుగా ఉంటే క్షమించు. నిన్న మళ్ళీ ఆకుపచ్చ తలుపు. నాలుగోసారి. ఆవిడ చెయ్యి బట్టలో చుట్టుకుని ఉంది. అడిగాను. ఏమీ లేదంది. పిల్ల నా వైపు చూసి నవ్వింది పెద్దమ్మా, మూడు నెలల పిల్ల, బోసినోటితో. నేను తిరిగొచ్చేశాను.

రికార్డు గదిలో రాసే పని ఖాళీగా ఉంది. దరఖాస్తుకి ఆఖరి తేదీ ఏప్రిల్ పదిహేను. నింపి పెట్టాను. నువ్వు కోరుకున్నట్టే రోజంతా కుర్చీలో కూర్చుంటాను. లేకపోతే ఆవిడ ఎప్పుడో ఒకరోజు చచ్చిపోతుంది, అది చూడ్డానికి వెళ్ళేది నేనే అవుతాను. ఆ తలుపు ఇంకోసారి కొట్టే ఓపిక నాకు లేదు.

నీ పిడుగు

ఏప్రిల్ 3

తల్లీ,

ముందు నీ తప్పేం లేదు. కొలతలు చూసి గంతులేసిన ముసలి బుద్ధి నాది. ఆ చొక్కాలు బీరువాలోనే ఉండనీ. గుడ్డకి తొందరేముంది. నువ్వు చల్లగా ఉన్నావు, నాకదే పదివేలు. కవచం మీద టేపు పెట్టి కొలిచావా! పిచ్చిదానా, ఆ ముక్క రాసుంటే లోపల చెమట పీల్చే గుడ్డ తొడుగు కూడా కుట్టేదాన్ని. దాన్ని నేల మీద పరిచి, వేరుగా కొలిచి పంపు.

ఇక నీకెప్పుడూ చెప్పని మాట. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

నా చెవులు మగ్గాల మిల్లులో పోయాయని నీకు చెప్పాను. సగం నిజం. కుడి చెవి కొద్దికొద్దిగా మిల్లుకిచ్చాను. ఎడమ చెవి అంతకుముందే, ఇంట్లో పోయింది. మీ పెదనాన్న పని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయాడన్నాను చూడు, అదీ అబద్ధమే. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళింది నేను.

మా ఇంటికీ పోలీసు వచ్చాడు. రెండుసార్లు, ఒకే మనిషి. పాతికేళ్ళుంటాయేమో. గుమ్మంలో నిలబడి "ఏమైనా జరిగిందా అమ్మా?" అన్నాడు, నువ్వు అన్నట్టే. మీ పెదనాన్న నా వెనక ఉన్నాడు. ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది. "గిన్నె జారిపడిందండీ" అన్నాను. నాకు నోరు లేక కాదే. పోలీసు జీపెక్కి వెళ్ళిపోతాడు. తలుపు మూసుకున్నాక మిగిలేది ఆయనా నేనూ. నేను చెప్పే ప్రతి మాటకీ ఆ మూసిన తలుపు వెనక లెక్క తేలుతుంది. అందుకే నీ ఆకుపచ్చ తలుపు పిల్ల నేల చూస్తోంది. నువ్వు ఆ ప్రశ్న ఆవిణ్ణి కాదు, పక్కన నిలబడ్డవాణ్ణి అడుగుతున్నావు.

ఆ పోలీసు చొక్కాకి రెండో గుండీ లేదు. కుట్టేదాన్ని కదా, మొహం కంటే ముందు అదే చూశాను. "బాబూ, లోపలికి రా, గుండీ వేసిస్తాను" అనాలని నోటిదాకా వచ్చింది. అంటే ఆ మనిషి ఊరుకునేవాడు కాదు. అదే ఆ పోలీసే అడిగి ఉంటే? "అమ్మా, సూది దారం ఉందా?" అని ఒక్కమాట అనుంటే? లోపలి గదిలో, నా చేతికి సూది, నా ముందు ఆ గుండీ, ఐదు నిమిషాలు. అన్నీ చెప్పేసేదాన్ని పిడుగూ. చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గుండీని నేను మనసులో కుడుతూనే ఉన్నాను.

మూడోసారి ఎవరూ రాలేదు. రెండుసార్లు వచ్చి ఏమీ లేదని రాసుకుపోయినవాడు మూడోసారి ఎందుకొస్తాడు? నీలాగే విసిగిపోయి ఉంటాడు. ఆ రోజే చెవి పోయింది. మర్నాడు చెవిలో దూది పెట్టుకుని, కుట్టిన బట్టల మూట భుజాన వేసుకుని, ఇచ్చేసి వస్తానని చెప్పి బయటికి నడిచాను. అంతే. ఏడాదికి మీ అమ్మ పోయి, నిన్ను నా ఒళ్ళో పెట్టారు. నువ్వు ఐదేళ్ళదానివి, ఉరుముల చప్పుడికి కూడా భయపడేదానివి కాదు. అందుకే పిడుగన్నాను.

దరఖాస్తు ఇచ్చుకో, మానుకో, నీ ఇష్టం. కుర్చీలో కూర్చుంటే నాకు హాయిగా నిద్ర పడుతుంది, దాచను. కానీ ఐదోసారి పిలుపొచ్చి నువ్వే వెళితే, గుమ్మంలో నిలబడి మాత్రం అడక్కు.

నిన్ను ఒక్క మాట అన్నందుకు రెండు రోజులు ఏడ్చాను. తిన్నావా?

పెద్దమ్మ

ఏప్రిల్ 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం వారం రోజులుగా నా జేబులోనే ఉంది, వెస్ట్‌కీ చొక్కాకీ మధ్య. మీ అల్లుడికి చదివి వినిపించాను. బేకరీకి ఆలస్యమైందన్నా కదల్లేదు. గుమ్మంలో కూర్చుని మొత్తం విన్నాడు. తర్వాత ఆ చొక్కాల సంగతీ చెప్పాను. "ఒకటి తెచ్చి చూపించు" అన్నాడు. అంతే అన్నాడు. ఏమీ బాధ లేనట్టు ఉన్నాడుగానీ, ఆ రోజు ఉప్పు లేకుండా రొట్టెలు కాల్చాడట.

నీ చెవి గురించి నేనేం రాయను? నీ కుడి చెవి కాస్త వినపడినన్నాళ్ళూ, నీ ఎడమ పక్క కూర్చుని మాట్లాడితే "ఇటు రావే" అని కుడి వైపుకి లాక్కున్నావు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఊరందరినీ ప్రశ్నలడిగే ఉద్యోగం నాది.

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి పిలుపొచ్చింది. అదే ముసలాయన. అదే తలుపు. జీపులో నిదానం గారికి సగం చెప్పాను. ఆయన నా వైపు చూసి, "నీకెంతసేపు కావాలి?" అని అడిగారు. "ఐదు నిమిషాలు" అన్నాను. "పది తీసుకో తల్లీ" అన్నారు.

నీ గుండీ ఊడదు కదా, రెండో గుండీని పళ్ళతో కొరికాను. ఏం దారం వేశావు పెద్దమ్మా, పన్ను కదిలింది! జీపు ఆగేలోపు ఎలాగో తెగింది.

తలుపు తీశాడు. "రండి మేడమ్." నేను ఆవిణ్ణి ఏమీ అడగలేదు. నిదానం గారు ఆయనతో, "అయ్యా, జీపు మీ గేటుకి అడ్డం పడింది, మీ గోడకి గీత పడితే బాగోదు. వెనక నిలబడి కాస్త చెబుదురూ" అన్నారు. గోడంటే ఆయనకి ప్రాణం, పరుగున వెళ్ళాడు. నేను ఆవిడతో, "అమ్మా, సూది దారం ఉందా? ఇలా గుండీ లేకుండా కనిపిస్తే మా ఆఫీసరు నా తోలు తీస్తాడు" అన్నాను.

లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. పిల్లని మంచం మీద పడుకోబెట్టి సూదికి దారం ఎక్కించింది. బయట్నుంచి నిదానం గారి గొంతు, "వెనక్కా?... ఇంకాస్తా?... ఆగండి, మళ్ళీ ముందుకి వస్తా." ఆయన నిదానం ఇన్నేళ్ళకి ఒకరికి పనికొచ్చింది.

ఆవిడ నాకు జానెడు దూరంలో నిలబడి కుడుతోంది. నేను నోరెత్తలేదు. ఎంత కష్టమో తెలుసా, అడక్కుండా ఉండటం? సూది పట్టిన వేళ్ళు చొక్కా కింద గట్టిగా ఏదో తగిలి ఆగిపోయాయి.

"ఇదేంటండీ?"

"కత్తి దిగకుండా వేసుకునేది."

"మీకూ భయమేనా?"

"రోజూనమ్మా" అన్నాను. నిజమే కదా. నీతో కూడా అనని మాట అది.

రెండు కుట్లు వేసింది. ఆ తర్వాత మెల్లిగా, "ఇది మెడదాకా రాదా?" అంది.

"రాదు."

అప్పుడు మెడకి చుట్టుకున్న గుడ్డ పక్కకి తీసి చూపించింది. వేళ్ళ గుర్తులు పెద్దమ్మా. ఐదూ లెక్కపెట్టొచ్చు. గుండీ వదల్లేదు, కుడుతూనే చెప్పింది. పెళ్ళైన ఆరో నెల నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. నేను పుస్తకం తియ్యలేదు. దారం తెంపాక, "ఈ తలుపు మూసుకునేటప్పుడు నువ్వు లోపల ఉండకుండా చేస్తాను. వస్తావా?" అన్నాను. పిల్లనెత్తుకుంది. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగలేదు.

గుమ్మంలో వాడు ఎదురొచ్చాడు. మొదట నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత పూలకుండీ ఎత్తాడు. నిదానం గారు ఆ చెయ్యి పట్టుకోవడంలో మాత్రం నిదానం ఏమీ లేదు. నాకు దెబ్బ తగల్లేదు, ఒట్టు. వాణ్ణి ఇంకో జీపులో స్టేషన్‌కి పంపాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నీ రాసింది. తర్వాత ఆ పిల్ల తల్లే స్టేషన్‌కొచ్చి కూర్చుని చెప్పింది, నేను రాశాను. మూడు పేజీలు. పిల్ల ఒంటి మీద గుడ్డలు తడిసిపోయాయి, మార్చడానికి ఇంకో జత లేదు. నా బీరువా తీశాను. పసుపుది వేశాను. సరిగ్గా సరిపోయింది. మిగతా నాలుగు మూటకట్టి ఇచ్చి, వాళ్ళని ఆడవాళ్ళ వసతి ఇంట్లో దించి వచ్చాను. ఒక తెల్లది నేనుంచుకున్నాను. మీ అల్లుడు చూపించమన్నాడు కదా. కోప్పడతావా?

దరఖాస్తు చింపేశాను. నీకు నిద్ర పట్టకపోతే నన్ను తిట్టుకో. వెస్ట్ నేల మీద పరిచి కొలిచాను, కాగితం వెనక రాశాను. తొడుగు కుట్టి పంపు.

పిడుగు

ఏప్రిల్ 19

పిడుగూ,

తొడుగు పంపుతున్నాను, రెండు. ఒకటి ఉతికితే ఒకటి. ఎడమ వైపు లోపల చిన్న జేబు పెట్టాను, ఉత్తరం పట్టేంత. తెల్ల చొక్కా ఉంచుకున్నందుకు కోపమెందుకే. మీ దగ్గరే ఉండనీ. ఆ పిల్ల వేసిన గుండీ విప్పకు. ఎన్ని పోగులతో కుట్టిందో నేను చూడాలి, సెలవు దొరికినప్పుడు ఆ చొక్కా వేసుకునే రా.

నువ్వు అడగలేదు. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో రాశావు, నా దగ్గరా అలాగే ఉన్నావు. అందుకే నేనే చెబుతున్నాను. నీ పద్ధతిలోనే రాస్తాను, తప్పులుంటే దిద్దుకో.

సమయం: ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, వానాకాలం, సాయంత్రం ఆరు. స్థలం: రెండు గదుల ఇల్లు, వంటింటి గుమ్మం. హాజరైనవారు: నేను, నా మొగుడు. కారణం: బట్టలిచ్చి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. గాయం: ఎడమ చెవి. పోలీసు: రాలేదు. అంతకుముందు రెండుసార్లు వస్తే ఏమీ లేదని నేనే పంపించాను. అది అబద్ధం. గిన్నె జారలేదు.

దీన్ని ఏ ఆఫీసులోనూ ఇవ్వక్కర్లేదు. ఆ మనిషి ఉన్నాడో పోయాడో కూడా తెలియదు. నువ్వు చదివితే చాలు. చదివి, కింద నీ చేత్తో సంతకం పెట్టి, ఆ జేబులో పెట్టుకో.

రాసుకో తల్లీ. ఫిర్యాదు ఉంది.

పెద్దమ్మ